లెక్కకు మించిన మూడు పిన్నులు

రైలు రాని ఊళ్లో రైలు పట్టాల సామాన్లకు గోదాము పెట్టాలన్న ఆలోచన ఎవరికి వచ్చిందో నాకు తెలుసు. ఆయన పేరు రాయను. రాస్తే ఏదో ఘనకార్యం చేశాడనుకుని ఫొటో తీసి గోడకు పెట్టుకుంటాడు.

ఆ ఊరు భూపాలపల్లి. నేను పెరిగింది అక్కడే, బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్లలో. మా బాపు మూడు షిఫ్టుల సైరన్లు విని బతికాడు గానీ ఆ ఊళ్లో ఉండగా ఏనాడూ రైలు కూత వినలేదు. వినాలంటే బస్సెక్కి వరంగల్ దాకా పోవాలి. ఈ మాట నేను ఒక మీటింగులో నిలబడి చెప్పాను. మా ప్లానింగ్ మేనేజరు నవ్వి, "మేడమ్, సామాను రైల్లో రాదు కదా, వ్యానులో వస్తుంది" అన్నాడు. నేను రైలెక్కి పుట్టింటికి పోతానని అడిగినట్టు చెప్పాడు జవాబు.

మొదటి నుంచి చెప్తాను. మాది ప్రైవేటు కంపెనీ. రైలు పట్టాల మరమ్మతు పనులు కాంట్రాక్టుకు తీసుకుంటుంది. పట్టాలను ఎత్తే జాకీలు, రంధ్రాలు చేసే డ్రిల్లు యంత్రాలు, కోసే యంత్రాలు కంపెనీవే. పని చేసే ముఠాలూ కంపెనీవే. ఆ యంత్రాలకు కావాల్సిన విడి సామాన్లు, అంటే జాకీలో నూనె కారకుండా ఆపే సీళ్లు, బిట్లు, బ్లేడ్లు, పిన్నులు, బోల్టులు దాచి ఇచ్చే స్టోర్లు రెండు ఉండేవి, జనగామలో ఒకటి, మానుకోటలో ఒకటి. మహబూబాబాద్ అని బోర్డుల మీద రాస్తారు, మేము మానుకోట అంటాం. అక్కడి స్టోరుకు ఇన్‌చార్జిని నేను. జనగామలో ఇల్లు, మానుకోటలో ఉద్యోగం, రోజూ రైలు ప్రయాణం. బీకాం చదివిన ఆడమనిషికి జాకీ సీళ్లతో ఏం పని అని మా బంధువులు ఇప్పటికీ అడుగుతారు. సీళ్లను లెక్కపెట్టే పని అంటాను. వాళ్లకు అర్థం కాదు, నాకు విప్పి చెప్పే ఓపిక లేదు.

ఈ పనిలో అసలు సంగతి సమయం. పట్టాల మీద పని చేయాలంటే రైళ్లను ఆపాలి. ఆపి ఇచ్చే ఆ గంటనో రెండు గంటలనో బ్లాకు అంటారు. అది మనకు కుదిరినప్పుడు ఇవ్వరు, వాళ్లకు వీలైనప్పుడు ఇస్తారు. పొద్దున ఏడుకు కావచ్చు, మిట్టమధ్యాహ్నం కావచ్చు. బ్లాకు మొదలైన పది నిమిషాలకు జాకీ సీలు పగిలి నూనె కారిందనుకోండి. చేతిలో ఇంకో సీలు ఉంటే పని సాగుతుంది. లేకపోతే ఇరవై మంది మనుషులు పట్టా పక్కన కూర్చుని, ఆపిన రైళ్లు మళ్లీ కదిలేదాకా చూసి ఇంటికి పోవాలి. స్టోరు నుంచి సీలు తీసుకోవాలంటే ఇంజనీరు సంతకం చేసిన కాగితం కావాలి. ఆ ఇంజనీరు ఆ రోజు జనగామలో ఉంటాడు. కాగితం వచ్చేసరికి బ్లాకు అయిపోతుంది.

అందుకని ముఠాలన్నీ ఒక పద్ధతి పెట్టుకున్నాయి. వానలు మొదలయ్యే ముందు, ఇంజనీరు మంచి మూడ్‌లో ఉన్నప్పుడు, కావాల్సిన దానికి రెండింతలు రాయించుకుని ఒకేసారి తీసుకుపోయేవాళ్లు. సగం వాడతారు, సగం పని జరిగే చోటే దాస్తారు. ఒక ముఠా పాత గేటు గది అటక మీద దాస్తుంది. మానుకోట దగ్గర పనిచేసే ఒక మేస్త్రీ ముఠా మాత్రం ఒక నూనె డ్రమ్మును నడుము దాకా నేలలో పాతి, పైన రేకు మూత పెట్టి, దాని మీద కంకర పోసింది. చుట్టూ తుమ్మపొదలు. పక్క నుంచి నడిచినా కనపడదు.

నాకు తెలుసా అంటే తెలుసు. ఇచ్చినదంతా నా పుస్తకంలో "వాడినవి" అని రాసింది నేనే. ఇక్కడ నన్ను నేను వెనకేసుకు రాను. "పని చోట నిల్వ" అని రాయడానికి ఆ పుస్తకంలో గడి లేదు. కొత్త గడి గీయించండని రెండుసార్లు ఉత్తరం పెట్టాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. గడి లేదని పని ఆపుతామా? ఆపలేదు. "వాడినవి" అని రాసి, ఒక్కో సామాను మీద పసుపు రంగు చుక్క పెట్టి పంపేదాన్ని. నా స్టోరు నుంచి పోయిన ప్రతిదానికీ ఆ చుక్క ఉంటుంది.

దీనివల్ల జరిగిందేమిటంటే, వానాకాలం ముందు ఒక్క నెలలో నా పుస్తకం నిండిపోయేది. ఆ తర్వాత నెలలు నెలలు గుండుసున్నా. ముఠాలు డ్రమ్ముల్లోంచి తీసి వాడుకుంటున్నాయి కదా, నా దగ్గరికి ఎందుకు వస్తాయి? మా ప్లానింగ్ మేనేజరు చూసింది ఆ సున్నాల నెలలనే.

జనగామలో ఒక ఫంక్షన్ హాలు మేడ మీద గది అద్దెకు తీసుకుని, ప్రొజెక్టరుతో గోడ మీద మ్యాపు వేసి చూపించాడు. జనగామ ఒక చుక్క, మానుకోట ఒక చుక్క, భూపాలపల్లి ఒక చుక్క. మూడింటినీ ఎర్రగీతలతో కలిపాడు. భూపాలపల్లిలో కంపెనీకి పాత బొగ్గు రవాణా కాంట్రాక్టు నాటి షెడ్డు ఒకటి ఖాళీగా పడి ఉంది. అసలు కారణం అదే. దాని చుట్టూ ఇంత బొమ్మ గీశాడు.

"జనగామ స్టోరు, మానుకోట స్టోరు రెండూ మూసేస్తాం. మొత్తం భూపాలపల్లిలో ఉంటుంది. వారానికి ఒక వ్యాను ఈ త్రిభుజం చుట్టూ తిరిగి పంచుతుంది" అన్నాడు.

"సార్, బొమ్మల త్రిభుజం మంచిగనే వచ్చింది. బ్లాకు నడుస్తుంటె సీలు పగిలితే వారం దాక జాకీని ఎత్తిపట్టుకొని నిలవడాల్నా?" అన్నాను.

"మేడమ్, గత ఆరు నెలల్లో మానుకోటలో ఎన్ని సీళ్లు పోయాయో తెలుసా? రెండు. మీ పుస్తకమే చెబుతోంది. రెండు సీళ్ల కోసం ఒక స్టోరు, ఒక ఇన్‌చార్జి, ఒక తాళం."

నా పుస్తకం పేజీ, నా చేతిరాతే, నా ఎదురుగా గోడ మీద వెలుగుతోంది. డ్రమ్ముల సంగతి చెబితే ముఠాలు ఇరుక్కుంటాయి, చెప్పకపోతే స్టోరు పోతుంది. అందుకని మాటను రోడ్డు సంగతి మీదికి మళ్లించాను.

"మానుకోటకు భూపాలపల్లి నుంచి తొవ్వ ఎట్లుంటదో ఎర్కేనా సార్? బొగ్గు లారీల ఎనుక మీ వ్యాను తెల్లగ పోతది, నల్లగ వస్తది."

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. నవ్వి, "గిట్లనా మేడమ్?" అని మా యాసలో వెక్కిరించాడు. సినిమాల్లో నేర్చుకున్న యాస. ఆ మాటతో చర్చ అయిపోయింది. నెల తిరక్కుండా మానుకోట స్టోరుకు తాళం పడింది.

తాళం వేసిన వారంలోనే డ్రమ్ము దొరికింది. పాత సామాను ఎక్కడైనా మిగిలిందేమో చూడమని ఒక సెక్యూరిటీ మనిషిని లైను వెంట పంపారు. అతను తుమ్మపొదల్లోకి ఎందుకు పోయాడో పెద్దగా ఆలోచించనక్కర్లేదు. పోయినవాడి కాలికి రేకు చప్పుడైంది. కంకర తీశాడు, మూత తీశాడు, ఫొటో తీశాడు. ఫొటో కింద "దొంగ సొత్తు దొరికింది" అని రాసి, కంపెనీ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఆ గ్రూపులో ముఠాల వాళ్లందరూ ఉన్నారు. సాయంత్రానికి ఆ ఫొటో కొడకండ్ల చేరింది. డ్రమ్ము పాతించిన మేస్త్రీది ఆ ఊరే.

ఈ మేస్త్రీ నాకంటే పదేళ్లు పెద్ద. అయినా నన్ను అక్క అంటాడు. నేను ఆయన్ని అన్న అంటాను. గొంతు పెంచి మాట్లాడగా నేను చూడలేదు. ఆదివారం చర్చిలో ముందు వరుసలో కూర్చుని పాట ఎత్తుకునే మనిషి. ఆ ఆదివారం పోయి, తలుపు దగ్గర నిలబడి, పాట అయిపోకముందే వచ్చేశాడని వాళ్లావిడ ఫోనులో చెప్పింది. అప్పటికే ఆయన్ని పనిలోకి రావద్దన్నారు. భూపాలపల్లి షెడ్డులో విచారణ పెడతాం, అక్కడ తేలాక ఉంచాలో తీసేయాలో చూస్తాం అన్నారు. కాంట్రాక్టు కూలీకి విచారణే ఎక్కువట. మేనేజరు ఫోనులో నాతో అన్న మాట ఇది: "మామూలుగా అయితే అప్పుడే పంపించేసేవాళ్లం మేడమ్."

దాచింది ఎవరి కోసం? జాకీ ఆగితే నష్టపోయేది కంపెనీ. బ్లాకు పోతే మాటపడేది కంపెనీ. ఆయనకేం, పని జరిగినా జరగకపోయినా దినకూలీ దినకూలీయే. అట్లాంటి మనిషిని దొంగ అని ఇరవై మంది ముఠా ముందు, ఊరి ముందు నిలబెట్టారు. ఇంత కోపంలోనూ లోపల ఒకటి గుచ్చుతూనే ఉంది. "వాడినవి" అని నేను రాసిన మాటే ఆయన మెడకు చుట్టుకుంది. పుస్తకంలో వాడేసిన సామాను డ్రమ్ములో దొరికితే అది దొంగతనం కాక ఇంకేమవుతుంది?

విచారణ రోజు పొద్దున్నే నా పుస్తకం సంచిలో పెట్టుకుని హన్మకొండలో బస్సెక్కాను. మేస్త్రీ అప్పటికే అదే బస్సులో కిటికీ పక్కన ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

"అన్నా, నేనేం చెప్తనో ఎర్కేనా?"

"నువ్వేం చెప్పకు అక్కా. నాతోని నువ్వు గూడ పోతవ్."

"నోరు మూసుకోని కూసుంట అనుకున్నవా?"

"అనుకోలే" అన్నాడు. "అయినా చెప్పిన."

షెడ్డులో నలుగురమే. మేనేజరు, ఆ సెక్యూరిటీ మనిషి, మేస్త్రీ, నేను. డ్రమ్ములోని సామానంతా టార్పాలిన్ మీద పరిచి ఉంది. షెడ్డులో మూలమూలనా విప్పని పెట్టెలు. మూడు వారాల నుంచి మానుకోటకు పోవాల్సిన పెట్టెలు అవి. వ్యాను రిపేరులో ఉందట. దానికి విడి సామాను దొరకలేదట. నేను పెట్టెల వైపు చూసి, ఆయన వైపు చూశాను. అంతే.

ఆయన మొదలుపెట్టకముందే ఒక తెల్లకాగితం తీసి రాయడం మొదలుపెట్టాను. రాసింది పైకి చదివాను. "ఈ సామాను స్టోరు నుంచి నేనే ఇచ్చాను. పని చోట నిల్వ ఉంటుందని నాకు తెలుసు. పుస్తకంలో ఆ గడి లేనందున వాడినవి అని రాశాను. ఇది నా రాత. ఇందులో మేస్త్రీకి ప్రమేయం లేదు."

"అంటే తప్పుడు రికార్డు రాశానని ఒప్పుకుంటున్నారా మేడమ్?"

"ఒప్పుకుంట. ఆ తప్పుడు రికార్డును జూసే మీరు స్టోరు మూసిన్రు. మీరు గూడ ఒప్పుకోండ్రి."

ఆయన ముఖం ఎర్రబడింది. "ముందు లెక్క చూద్దాం" అన్నాడు.

చూశాం. ఇచ్చిన వాటిలోంచి, అరిగాక ముఠా తిరిగి తెచ్చిచ్చిన వాటిని తీసేసి నేను పుస్తకం చదువుతుంటే సెక్యూరిటీ మనిషి ఒక్కోటి ఎత్తి చూపించాడు. సీళ్లు సరిపోయాయి. బిట్లు సరిపోయాయి. అన్నింటి మీదా పసుపు చుక్క ఉంది. తుక్కు కొట్టుకు ఒక్కటి పోలేదు. అప్పుడు పిన్నుల దగ్గరికి వచ్చాం. జాకీకి పొడవాటి పిడి ఉంటుంది, అది జారిపోకుండా దూర్చే వేలెడంత ఇనుప పిన్ను. పుస్తకం ప్రకారం ఐదు ఉండాలి. టార్పాలిన్ మీద ఎనిమిది ఉన్నాయి. మూడింటికి పసుపు చుక్క లేదు.

మేనేజరు ఆ మూడింటినీ ఏరి బల్ల మీద పెట్టాడు. పండగ వచ్చినట్టుంది ఆయన మొహంలో. "ఇవి మీ స్టోరువి కావు. మరి ఎక్కడివి? ఏ సైటు నుంచి ఎత్తుకొచ్చారు?"

నేను మేస్త్రీ వైపు చూశాను. నిజం చెప్పాలంటే, ఒక్క క్షణం నాకూ అనుమానం వచ్చింది. ఆ క్షణానికి నేను ఇప్పటికీ సిగ్గుపడతాను.

"అవి నావి సార్" అన్నాడు మేస్త్రీ.

"మీవంటే?"

"మా ఊర్ల కమ్మరాయన కొలిమిల కొట్టిపిచ్చిన. నాగలి పాత ఇనుము ఇంట్ల ఉండె, దాంతోని."

"కంపెనీ పిన్నులు ఇస్తుంటే మీరెందుకు చేయించుకోవాలి?"

"ఇయ్యలే సార్. పోయిన సంవత్సరం అన్ని విరిగినయి. అడిగిన. రెండు నెల్లు ఆగిన. పిన్ను లేకుంటె పిడి ఊడి చేతుల మీద పడ్తది. మా ముఠాల ఒకాయనకు వేలు నలిగింది. ఇగ ఆగబుద్ధి గాలే."

షెడ్డు రేకుల మీద ఎండ చిటపటలాడుతోంది. సెక్యూరిటీ మనిషి టార్పాలిన్ అంచు సర్దుతున్నట్టు కిందికి చూశాడు. ఆ రెండు నెలల సంగతి నాకు గుర్తుంది. పిన్నులు పంపండని నేనే నాలుగుసార్లు రాశాను, పసుపు చుక్క ఉన్న ఐదూ ఆ తర్వాత వచ్చినవే. ఆయన ఇంట్లో ఇనుము తెచ్చి చేయించాడని మాత్రం ఆ రోజే తెలిసింది.

"సార్," అన్నాను, "దొంగతనం జేస్తె సామాను తగ్గాలె గద. గీడ పెరిగింది. గిదే లెక్క జర నాకు సమజ్ చేయుండ్రి. మీరు ప్లానింగు చదువుకున్నోళ్లు."

ఆయన ఫోను పట్టుకుని బయటికి పోయాడు. చాలాసేపు ఎవరితోనో మాట్లాడి, లోపల ప్రింటు తీసిన కాగితం ఒకటి తెచ్చాడు. "మొదటి తప్పుగా భావించి, క్షమించి, మందలించి, తిరిగి పనిలోకి తీసుకోవడమైనది." కింద మేస్త్రీ సంతకానికి చోటు, సాక్షిగా నా సంతకానికి చోటు. నాకు ఇంకో కాగితం విడిగా ఉంది. మానుకోట నుంచి భూపాలపల్లి షెడ్డుకు బదిలీ. పుట్టినూరికి పంపించి శిక్ష అంటారు వీళ్లు.

నా కాగితం మడిచి సంచిలో పడేశాను. మేస్త్రీ కాగితం పట్టుకున్నాను. "ఏం తప్పు? ఏది తప్పు? ఎవరు ఎవర్ని క్షమించిన్రు? ఈ ముక్క కొట్టెయ్యుండ్రి. లేకుంటె నేను సంతకం పెట్ట."

"మేడమ్, పనిలోకి తీసుకున్నాం కదా. ఒక పదం కోసం..."

"అసొంటి ఒక్క పదమే కొడకండ్లల తిరుగుతున్నది సార్. ఫొటో కింద మీవోళ్లు రాసిన దొంగ అన్న పదం."

గంటసేపు వాదించాను. చట్టం మాట్లాడాను, న్యాయం మాట్లాడాను, మా బాపు పేరు కూడా లాగాను. మేనేజరు గడియారం చూసుకుంటున్నాడు. చివరికి మేస్త్రీ నా చేతిలోంచి మెల్లగా కాగితం తీసుకున్నాడు.

"అక్కా, నీకు మాట గావాలె. నాకు పని గావాలె. రేపు పొద్దుగాల ముఠా నాకోసం ఎదురు జూస్తది."

నన్ను ఎవరూ అంత మెత్తగా చెంపమీద కొట్టలేదు. ఆయన కోసం కొట్లాడుతున్నాననుకున్నాను. ఆయన పనిని పందెం కాసి నా మాట గెలిపించుకోవాలని చూస్తున్నానని అప్పుడు తెలిసింది. తెలిసినా కోపం తగ్గలేదు. ఆయన పెన్ను అడిగి, కాగితం బల్ల మీద పరిచి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టాడు. నేను పెట్టలేదు. సాక్షి చోటు ఖాళీగానే ఉంది, ఇప్పటికీ.

మేనేజరు హమ్మయ్య అనుకుని లేవబోయాడు. మేస్త్రీ మాత్రం కదలలేదు. బల్ల మీద ఉన్న ఆ మూడు పిన్నులను వేలితో చూపించాడు.

"సార్, క్షమించిన్రు, మంచిది. నా మూడు పిన్నులు నాకిచ్చెయ్యుండ్రి, తీస్కపోత."

"అవి ఇప్పుడు ఇవ్వడం కుదరదు. విచారణలో పట్టుకున్న వస్తువులు."

"కుదరకపోతె ఉంచుకోండ్రి. జాకీలకు పనికొస్తయి. గని నేను కంపెనీకి ఇచ్చిన అని చీటీ రాసియ్యుండ్రి."

"మూడు పిన్నులకు చీటీ ఏమిటయ్యా?"

"చీటీ లేకుంటె, రేపు ఎవరన్న వచ్చి మీ షెడ్డు లెక్కపెడ్తరు. మూడు ఎక్కువొస్తయి. అప్పుడు ఇవి ఏడికెళ్లి ఎత్తుకొచ్చిన్రని మిమ్ములనడుగుతరు సార్."

అంత నింపాదిగా అన్నాడు, మేనేజరుకు మొదట అర్థం కాలేదు. సెక్యూరిటీ మనిషికి ముందు అర్థమైంది. దగ్గు వచ్చినట్టు అటు తిరిగాడు. నాకు మాత్రం ఆ గంటలో నేను అరిచిన అరుపులన్నీ వృథా అనిపించాయి. ఈ మనిషి ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు.

మేనేజరు చీటీ పుస్తకం కోసం డ్రాయర్లు లాగాడు. ఎక్కడుందో ఆయనకు తెలియదు, గోదాము పెట్టి నెల దాటినా. నేనే నా సంచిలోంచి మానుకోట స్టోరు పుస్తకం తీశాను. ఎవరైనా సామాను తెచ్చి ఇస్తే రాసే చీటీలు అందులోనే ఉంటాయి. చివర్లో ఇంకా మిగిలి ఉన్నాయి. కార్బన్ పెట్టి రాశాను: జాకీ పిన్నులు మూడు. కొత్తవి. ఇచ్చినవారి సొంతం. కంపెనీకి ఉచితంగా ఇవ్వబడినవి. ఇచ్చినవారి పేరు, ఊరు. పుచ్చుకున్నవారి సంతకం అన్న గడి దగ్గర గీత గీసి మేనేజరు ముందుకు తోశాను.

ఆయన చదివాడు. "ఉచితంగా అనే మాట అవసరమా మేడమ్?" అన్నాడు.

"ఒక పదం కోసం ఎందుకు సార్" అన్నాను.

సంతకం పెట్టాడు. మేస్త్రీ కాపీ మీద అక్షరాలు సరిగ్గా పడ్డాయో లేదో వెలుతురుకు పట్టి చూశాడు. "ఊరు పేరు జర మసకగ పడ్డది అక్కా" అన్నాడు. తీసుకుని, కొడకండ్ల అన్న మాట మీద పెన్నుతో మళ్లీ దిద్ది ఇచ్చాను.